నిరీక్షణతో ఒక్కొక్క రోజు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు, ఆదివారం ఉదయం జరిగిన కృతజ్ఞతా కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉదయం ఇక్కడికి చర్చికి వెళ్లేవాళ్లే రాలేదు. గుడికి వెళ్లేవాళ్లు, మసీదుకు వెళ్లేవాళ్లు, ఎక్కడికీ వెళ్లనివాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. మన బడిలో ఎప్పుడూ ఇంతే. పొద్దున్నే ప్రార్థనకు అందరం ఒకే వరుసలో నిలబడేవాళ్లం, కళ్లు మూసుకున్నామో లేదో అని మాస్టారు కళ్లు తెరుచుకుని చూసేవారు. నేను మాట్లాడేది క్రైస్తవ విశ్వాసం గురించే. అయితే ఏ ఇంట్లోవాళ్లకైనా పనికొచ్చేలా చెప్పాలని ప్రయత్నిస్తాను.

బైబిల్లో యాభయ్యో సంవత్సరానికి ప్రత్యేకమైన పేరుంది. లేవీయకాండం 25వ అధ్యాయంలో దాన్ని సునాద సంవత్సరం అన్నారు. ఆ ఏడు బూర ఊదాలి, అమ్ముడుపోయిన పొలం తిరిగి ఆ కుటుంబానికి చేరాలి, అప్పుకోసం దాస్యంలోకి పోయినవాడు విడుదలై ఇంటికి రావాలి. జూబ్లీ అన్న మాట అక్కడిదే. కానీ మనం సంఘం పెట్టుకుని యాభై ఏళ్లయిందని చప్పట్లు కొడుతున్న ఈ వేళ, పొలం తిరిగి రానివాళ్లు, అప్పు తీరనివాళ్లు మనలోనే ఉన్నారు. వాళ్లకు ఈ పండుగలో చెప్పే మాట ఏమిటన్నదే నెల రోజులుగా నా మనసులో ఉంది.

ఆ ప్రశ్న నాకు ఎక్కడ మొదలైందో చెబుతాను. మన పూర్వ విద్యార్థినుల్లో ఒకామె ఉన్నారు, పేరు చెప్పొద్దన్నారు. భర్తకు కిడ్నీలు పాడై డయాలసిస్ జరుగుతోంది. వారానికి మూడు రోజులు, వెళ్లిన ప్రతిసారీ నాలుగేసి గంటలు. పిల్లలు వేరే దేశంలో ఉన్నారు. ఆమె నన్ను ఫోన్‌లో అడిగారు: "అన్నయ్యా, డిసెంబర్ 31 రాత్రి చర్చిలో వాగ్దానం కార్డు తీసుకుంటాం కదా. నాకు మూడేళ్లుగా యిర్మీయా 29:11 వస్తోంది. మేలుకరమైన ఆలోచనలే గాని కీడు లేదని ఉంటుంది. మరి మా ఇంట్లో మేలు ఎక్కడుంది?"

క్రైస్తవుల ఇళ్లకు వెళ్లినవాళ్లందరికీ ఆ వచనం తెలుసు. గోడ మీద క్యాలెండర్లో ఉంటుంది, పెళ్లి శుభలేఖ మీద ఉంటుంది, ఆటో వెనక అద్దం మీద ఉంటుంది. నేనూ దాన్ని చాలా ఇష్టపడతాను. కానీ పదకొండో వచనానికి ముందు పదో వచనం ఉంది. దాన్ని ఏ క్యాలెండర్లోనూ వెయ్యరు. వేస్తే ఎవరూ కొనరు! అందులో ఉన్నది డెబ్బై సంవత్సరాల లెక్క. బబులోనులో డెబ్బై ఏళ్లు గడిచాకే మిమ్మల్ని తిరిగి తీసుకొస్తానని దేవుడు అక్కడ చెబుతాడు.

అది ఒక ఉత్తరం. నెబుకద్నెజరు రాజు యెరూషలేము నుంచి కొంతమందిని చెరపట్టి తీసుకుపోయాడు. రాజు, రాజమాత, వడ్రంగులు, కమ్మరులు, చేతిపని వచ్చినవాళ్లు అందులో ఉన్నారు. ఊళ్లో మిగిలిపోయిన యిర్మీయా ప్రవక్త వాళ్లకు ఆ ఉత్తరం పంపాడు. అప్పటికి ముప్పై దాటినవాడు డెబ్బై ఏళ్ల తర్వాత ఎక్కడుంటాడు? ఉత్తరం చదివి విన్న పెద్దవాళ్లలో ఎవరూ తిరిగి ఇంటిముఖం చూసే అవకాశం లేదు. మేలు జరుగుతుందన్న మాట వాళ్లకు చెప్పారు, కానీ ఆ మేలును కళ్లారా చూసేది మనవలు. ఈ సంగతి తెలుసుకున్నాక ఆ వచనం బరువే మారిపోతుంది.

దీనికి ముందున్న 28వ అధ్యాయాన్ని కూడా ఇంటికెళ్లి చదవండి. హనన్యా అనే మరో ప్రవక్త ఉన్నాడు. ఆయన గుడిలో, జనం ఎదుట నిలబడి, రెండేళ్లలో అంతా సర్దుకుంటుంది, అందరూ తిరిగి వచ్చేస్తారు అని ప్రకటించాడు. యిర్మీయా మెడ మీద గుర్తుగా పెట్టుకున్న కాడిని తీసి విరగ్గొట్టాడు. జనానికి ఎవరు నచ్చి ఉంటారో చెప్పక్కర్లేదు. రెండేళ్లు అన్నవాడికి సభలు నిండుతాయి, డెబ్బై ఏళ్లు అన్నవాడికి కుర్చీలు ఖాళీగా ఉంటాయి. ఇప్పుడు కూడా మన టీవీల్లో, ఊరి చివర పందిళ్లలో హనన్యాలకు కొదవ లేదు. ఈ నెల్లోనే అప్పు తీరుతుంది, ఈ వారంలోనే వీసా వస్తుంది, విశ్వాసముంటే మాత్రలు అక్కర్లేదు అంటారు. జరగకపోతే నీ విశ్వాసం చాలలేదని తప్పును ఆ రోగి మీదికే నెడతారు. నా దృష్టిలో ఇది క్రూరత్వం. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

అయితే యిర్మీయా నిరాశావాది కాడు. హనన్యా మాట వినగానే ఆయన మొదట అన్నది ఆమేన్. అలాగే జరగాలి, ప్రభువు నీ మాట నిలబెట్టాలి అన్నాడు. ఆయనకూ రెండేళ్లే కావాలి! మంచి జరగాలని కోరుకోవడంలో తప్పులేదు. దేవుడు ఇవ్వని తారీఖును దేవుడి పేరు మీద వెయ్యడమే తప్పు.

మరి డెబ్బై ఏళ్లు ఎదురుచూడాల్సినవాళ్లు రేపు పొద్దున లేచి ఏం చెయ్యాలి? ఉత్తరంలో అదే ముందు రాశాడు. ఇళ్లు కట్టుకోండి, వాటిలో కాపురముండండి. తోటలు నాటండి, కాసిన పండ్లు తినండి. పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చెయ్యండి. చెరగా వచ్చిన ఆ పరాయి ఊరి క్షేమం కోరండి, దానికోసం ప్రార్థన చెయ్యండి, ఆ ఊరు బాగుంటే మీరూ బాగుంటారు. ఇంతే. ఉపవాసాల లెక్క చెప్పలేదు. మూటలు కట్టుకుని గుమ్మంలో కూర్చోమనలేదు. తోట నాటడమంటే ఒక రోజు గుంట తియ్యడం, ఒక రోజు నీళ్లు పొయ్యడం, ఒక రోజు మేక తినకుండా కంచె వెయ్యడం. విశ్వాసం ఆ ఊళ్లో అలా కనిపించింది. హైదరాబాద్‌లో, బెంగళూరులో, డాలస్‌లో స్థిరపడిన మన పిల్లలకు కూడా ఆ చివరి మాట చెప్పండి. ఉన్న ఊరి మేలు కోరమని.

ఇది పాలస్తీనా, బబులోను సంగతే కాదు. మన పక్కనే జరిగిన కథ ఒకటి చెబుతాను. ఒంగోలు కొండ మీదికి చిన్నప్పుడు పిక్నిక్‌కి వెళ్లినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. అమెరికా బాప్టిస్టులు తెలుగువాళ్ల మధ్య పని 1836లో మొదలుపెట్టారు, 1840లో నెల్లూరు చేరారు. ఏళ్లు గడిచినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. 1853లో అమెరికాలో సొసైటీవాళ్లు, ఈ పని మూసేద్దామా అని చర్చించారు. పటం మీద ఒంటరిగా ఉన్న ఆ ఒక్క కేంద్రానికి లోన్ స్టార్, అంటే ఒంటరి నక్షత్రం అన్న పేరు అప్పటిదే. ఆ మరుసటి నెలల్లోనే, 1854 జనవరి 1న తెల్లవారుజామున, జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని.

మనమైతే ఆ ఏడాదే ఎవరో వచ్చేస్తారనుకుంటాం. ఎవరూ రాలేదు. ఐదేళ్లకు రాలేదు, పదేళ్లకు రాలేదు. 1862లో జూయెట్ గారు ఆరోగ్యం చెడి అమెరికా వెళ్తే, అక్కడ మళ్లీ మూసివేత మాటే ఎత్తారు. మీరు పంపకపోతే నేనొక్కడినే వెళ్తానని ఆయన పట్టుబట్టారు. 1865లో క్లౌ దంపతులను వెంటబెట్టుకుని తిరిగొచ్చారు. క్లౌ గారు 1866లో ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. కొండ మీద ప్రార్థన చేసిన రోజుకు సరిగ్గా పదమూడేళ్లు.

ఈ కథను సాధారణంగా 2,222 దగ్గర ముగిస్తారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో అంతమంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇది అందరికీ తెలిసిందే, మా తాతలు గర్వంగా చెప్పేవారు కూడా. నేను ఆ అంకె దగ్గర ఆగను. దానికి ముందు జరిగినవి చూడండి. తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య గారు, తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ పెద్ద, మైళ్లకు మైళ్లు నడిచి పల్లెల్లో చెప్పుకుంటూ వెళ్లారు. 1876 నుంచి 1878 వరకు కరువు. క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించారు. ఆ కరువు రోజుల్లో, తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశారు. తలుచుకుంటే అంకెలు పెంచుకోవచ్చు, ఆయన ఆపారు. మట్టి తవ్వించి, ఆ రోజు కూలి ఆ రోజు కడుపుకు చేరేలా చూశారు. 2,222 కంటే నాకు ఆ కాలువ గట్టు మీది గంజే పెద్దది.

బైబిలు తెలుగులో ఆశకు వాడిన మాట నిరీక్షణ. విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ అని ఆదివారం బడిలో వరసగా చెప్పేవాళ్లం. మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపే. రైలు టికెట్ల వెయిటింగ్ లిస్టును కూడా పేపర్లవాళ్లు నిరీక్షణ జాబితా అని రాస్తారు. మన అనువాదకులు మంచి మాట ఎంచుకున్నారనిపిస్తుంది నాకు. ఆశ ఒక్క క్షణంలో పుడుతుంది. ఎదురుచూపుకు రోజులు కావాలి, ప్రతి రోజూ కొత్తగా మొదలుపెట్టాలి.

అందుకే అరణ్యంలో మన్నా పొద్దున్నే ఏరుకోవాలన్నారు. రేపటికని దాస్తే పురుగు పట్టింది. విశ్రాంతి దినానికి ముందు రోజు మాత్రమే రెండింతలు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో అడగమన్నదీ ఆ రోజుకు సరిపడే ఆహారమే, ఏడాది సామాను కాదు. నాకు ఫోన్ చేసిన ఆ చెల్లెమ్మకు నేను చెప్పగలిగింది ఇదే: సోమవారం డయాలసిస్‌కు సోమవారం బలం అడుగు, బుధవారం సంగతి బుధవారం చూద్దాం. ఆమె వెంటనే, "అదే చేస్తున్నానన్నయ్యా, దాన్ని విశ్వాసం అంటారని తెలియదు" అన్నారు. నా నోట మాట రాలేదు. పొద్దున ఐదింటికి లేచి, ఆయనకు ఉప్పు తగ్గించి వండి, నీళ్లు కొలిచి పోసి, ఆటో పిలిచి తీసుకెళ్లే మనిషి ఆమె. మూడేళ్లుగా బబులోనులో తోట నాటుతూనే ఉన్నారు.

ఇక్కడే ఇంకో మాట. మందులు ఆపి ప్రార్థన చేయించుకోమని ఎవరైనా చెబితే వినకండి. హిజ్కియా రాజుకు దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు పెంచుతానని మాటిచ్చాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానం ఉంది, మందూ ఉంది. మన బడిలో చదివి డాక్టర్లయినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. వాళ్ల చేతులు కూడా దేవుడి ఏర్పాటే.

నిరీక్షణకు ఖర్చు కూడా అవుతుంది. యెరూషలేమును శత్రువు చుట్టుముట్టినప్పుడు, తాను చెరసాలలో ఉండి, యిర్మీయా అనాతోతులో తన చిన్నాన్న కొడుకు పొలాన్ని 17 తులాల వెండి తూచి కొన్నాడు. సాక్షుల్ని పెట్టి, పత్రం రాయించి, చాలాకాలం చెడకుండా మట్టి కుండలో పెట్టించాడు. పొలం అప్పటికే శత్రువుల చేతిలో ఉందనుకోవచ్చు. ఏ రియల్ ఎస్టేట్ బ్రోకరూ ఆ బేరం కుదర్చడు! రేపటి మీద నమ్మకముందని నోటితో చెప్పడం వేరు, జేబులోంచి తీసి తూచడం వేరు.

నేను తూచమని అడిగేది వెండి కాదు. బయట టీ ఇచ్చే బల్ల పక్కన ఒక కాగితం పెట్టించాం. మంచం మీదున్నవాళ్లు, వయసు మళ్లి ఒంటరిగా ఉన్న మాస్టార్లు, టీచరమ్మలు, రాలేకపోయిన మన బ్యాచ్‌లవాళ్లు, అందరివీ కలిపి నలభై రెండు పేర్లు, ఊర్లతో సహా రాశాం. ఎవరి ఊరికి దగ్గరున్నవాళ్లు ఆ పేరు పక్కన సంతకం చెయ్యండి. నెలకొకసారి వెళ్లి ఒక గంట కూర్చోండి. ప్రార్థన చెయ్యాలనుకుంటే వాళ్లను అడిగి చెయ్యండి, వద్దంటే బడి కబుర్లు చెప్పండి. హాస్పిటల్‌కు తోడు కావాలంటే వెళ్లండి. నేను రెండు పేర్ల దగ్గర సంతకం చేశాను. నలభై మిగిలాయి. భోజనాలకు ఇంకా అరగంట టైముంది.