క్లాసులో ఫోను సరే, ఇంట్లో ఆ ఫోను ఎవరిది?

(కాలేజీ అధ్యాపకుల శిక్షణ గురించి మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్యార్థులకు పాఠం చెప్పడంలో కంప్యూటర్లు, ఫోన్లు ఎట్లా వాడాలో అధ్యాపకులకు ఇచ్చే శిక్షణ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. పొద్దుటి నుంచి భూమి పట్టాల గురించి, గృహహింస కేసుల గురించి విన్నాక, ఈ సంగతి ఇక్కడ దేనికని మీలో కొందరికి అనిపిస్తూ ఉండవచ్చు. పిలిచినప్పుడు నాకూ అట్లాగే అనిపించింది. ఇది మా స్టాఫ్ రూములో మాట్లాడుకునే సంగతి కదా అనుకున్నాను. కానీ నావల్ల ఒక అమ్మాయి చదువు ఆగిపోయింది. ఆ సంగతి స్టాఫ్ రూములో ఎవరికీ చెప్పలేకపోయాను. మీకు చెప్పవచ్చు అనిపించి వచ్చాను.

పాలమూరు వైపు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. ముందు మా శిక్షణల చరిత్ర కొంచెం చెప్తాను. 1986 జాతీయ విద్యావిధానం వచ్చాక యు.జి.సి. దేశమంతా అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టించింది. మనకు ఉస్మానియాలో, ఆంధ్రాలో, తిరుపతిలో వచ్చాయి. 2015లో వాటిని మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలన్నారు, 2023లో మాలవీయ పేరు పెట్టారు. బోర్డులు మారాయి గానీ మాకు మాత్రం అవి ఎప్పుడూ ప్రమోషన్‌కు కావలసిన సర్టిఫికెట్లు ఇచ్చే చోట్లే. అప్పట్లో కొత్తగా చేరినవాళ్లకు నాలుగు వారాల ఓరియంటేషన్, తర్వాత మూడు వారాల రిఫ్రెషర్ ఉండేవి. మగవాళ్లకు అది ఇంటి నుంచి దొరికే సెలవు. నేను 2001లో వెళ్లినప్పుడు రెండేళ్ల పిల్లను మా అమ్మ దగ్గర వదిలి వెళ్లాను. మా బ్యాచిలో ఇద్దరు ఆడవాళ్లు మధ్యలోనే వెళ్లిపోయారు. ఒకరి మామగారికి జబ్బు చేసింది, ఇంకొకరి భర్తకు కోపం వచ్చింది. ప్రమోషన్ లిస్టులో వాళ్ల పేర్లు ఎందుకు వెనకబడ్డాయని తర్వాత ఏ ఆఫీసులోనూ ఎవరూ అడగలేదు.

ఆ ఓరియంటేషన్‌లో రోజూ ఒక గంట కంప్యూటర్ క్లాసు. పది కంప్యూటర్లకు ముప్పై మందిమి. ప్రతి కంప్యూటర్ ముందు కుర్చీలో ఒక సారు, వెనక నిలబడి ఇద్దరు ముగ్గురు మేడమ్‌లు. నాలుగు వారాల్లో నేను మౌస్ పట్టుకున్నది రెండుసార్లు. "మీరు చూస్తూ ఉండండి మేడమ్, మేం చేస్తాం" అని ఎంతో మర్యాదగా చెప్పేవారు. సర్టిఫికెట్ మాత్రం అందరికీ ఒకటే.

అంతకు ముందు టీవీ కాలం నడిచింది. 1984 ఆగస్టు 15న దూరదర్శన్‌లో యు.జి.సి. పాఠాలు మొదలైతే, మా కాలేజీ టీవీ ప్రిన్సిపాల్ గదిలో తాళం కింద ఉండేదట. 2004లో ఎడ్యుశాట్ ఉపగ్రహం పంపారు, 2017లో స్వయం వచ్చింది. 2021 నాటికి ఒక సెమిస్టరులో నూటికి 40 వంతుల కోర్సు దాకా స్వయంలో చదువుకోవచ్చని యు.జి.సి. నిబంధన మార్చింది. మంచి అధ్యాపకులు లేని ఊరికి మంచి పాఠం వస్తుందంటే నేనెందుకు కాదంటాను? కాని ఆ పాఠం చూడటానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మీరు పోషకాహారం లెక్కలు చూసి ఉంటారు, ఫోను లెక్కలూ అందులోనే ఉన్నాయి. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు దేశంలో నూటికి 33 మంది, మగవాళ్లు 57 మంది. తెలంగాణలో స్త్రీలు 26 మంది చిల్లర, ఆంధ్రలో 21 మంది. హైదరాబాదును చూసి మనం అందరికంటే ముందున్నాం అనుకుంటాం గానీ ఈ లెక్కలో రెండు రాష్ట్రాలూ దేశపు సగటు కంటే కింద ఉన్నాయి. ఈ పట్టికను నేను హాజరైన ఏ శిక్షణలోనూ ఎవరూ తెర మీద వేయలేదు.

2020 మార్చిలో కాలేజీలు మూతపడ్డాయి. ఆ వేసవిలో మా మీద వెబినార్ల వాన కురిసింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. చివర ఒక ఫారం నింపితే ఈమెయిల్‌లో సర్టిఫికెట్ వస్తుంది. నిజం చెప్తున్నాను, ఒక చెవిలో వెబినార్, ఇంకో చెవిలో కుక్కర్ విజిల్. "తరగతి గదిని ఉత్సాహభరితం చేయడం ఎలా" అన్నదాన్ని పప్పు తాలింపు వేస్తూ విన్నాను. పదకొండు సర్టిఫికెట్లు వచ్చాయి. స్క్రీన్ ఎట్లా చూపించాలి, క్విజ్ ఎట్లా పెట్టాలి, హాజరు ఎట్లా తీసుకోవాలి అన్నీ చెప్పారు. అవతల పిల్ల ఎక్కడ కూర్చుని ఉంటుంది, ఆ ఫోను ఎవరిది అని మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

సెప్టెంబరులో ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి. అడ్మిషన్ ఫారాల్లోని నంబర్లన్నీ తీసి, రెండో సంవత్సరం బి.ఎ. వాళ్లందరితో వాట్సాప్ గ్రూపు చేశాను. ఒక్క సాయంత్రంలో పని అయిపోయిందని సంబరపడ్డాను కూడా. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనబడతాయని నాకు తెలియక కాదు, అది ఒక విషయమని తోచలేదు. అబ్బాయిలలో ఎవరో ఒక అమ్మాయి నంబరు పట్టుకుని రాత్రిళ్లు గుడ్‌నైట్ బొమ్మలు, పాటల ముక్కలు పంపడం మొదలుపెట్టాడు. అది ఆ అమ్మాయి ఫోను కాదు, వాళ్ల నాన్నది. ఆయన మేస్త్రీ పని చేస్తాడు. రాత్రి పదింటికి ఆయన చేతిలోనే ఫోను మోగింది.

తర్వాత ఏమై ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. అబ్బాయి ఎవరని ఎవరూ అడగలేదు. నువ్వేం చేస్తే వాడు పంపాడని అమ్మాయిని అడిగారు. వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి, "ఇగ సదువు సాలు మేడమ్, పేరు తీసెయ్యిండ్రి" అంది. ఫిబ్రవరిలో కాలేజీ తెరిచే నాటికి పెళ్లి కుదిరింది. నేను వాళ్లింటికి వెళ్లాను. తల్లిదండ్రులు కుర్చీ వేసి చాయ్ ఇచ్చారు, ఒక్క మాట కూడా తూలలేదు. నేను లేచి వస్తుంటే ఆ పిల్ల గడప దాకా వచ్చి, "నా నంబరు అందరికి కనబడేటట్టు మీరే పెట్టిన్రు గద మేడమ్" అంది. కోపంగా అనలేదు. ఉన్న మాట అంది.

గ్రూపుకు బదులు బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపితే ఒకరి నంబరు ఇంకొకరికి కనబడదు. పిల్లలు నా నంబరును ముందు తమ ఫోనులో దాచుకుని ఉండాలి, అంతే. అయిదు నిమిషాల పని. పదకొండు సర్టిఫికెట్లలో ఈ అయిదు నిమిషాలు లేవు. అబ్బాయి చేసింది తప్పు అని చట్టం కూడా ఉంది. వద్దన్నా వెంటపడి మాటిమాటికీ మెసేజిలు పెట్టడం 2013 సవరణతో శిక్షాస్మృతిలో 354 డి అయింది, 2024 జూలై నుంచి న్యాయ సంహితలో 78వ సెక్షన్. కాలేజీలో కమిటీ ఉండాలని యు.జి.సి. 2015 నిబంధనలు చెబుతున్నాయి, విద్యార్థుల ఫిర్యాదయితే విద్యార్థి ప్రతినిధులూ అందులో కూర్చోవాలి. మా కమిటీ పేర్లు గోడ మీద ఉన్నాయి, నా పేరూ ఉంది. ఆ రోజు నాకు గుర్తు రాలేదు.

కెమెరాల సంగతీ ఇంతే. కెమెరా ఆన్ చేయకపోతే హాజరు వేయవద్దని పైనుంచి మాట వచ్చింది. ఒకే గది ఇల్లు, వెనక తాతయ్య మంచం, దండెం మీద బట్టలు. క్లాసులో ఏ వాడ నుంచి వచ్చారో ఎవరికీ తెలియకుండా కూర్చునే పిల్లలకు ఇల్లంతా తెర మీద పరచమని చెప్పాం. ఎవరైనా ఫొటో తీస్తే అడిగే దిక్కు లేదు. రెండు వారాలు చూసి నేను కెమెరా అడగడం మానేశాను. ఆ తర్వాతే అమ్మాయిలు నోరు విప్పి ప్రశ్నలు అడిగారు.

హాస్టళ్ల విషయంలో నేను సగం దోషిని. కొన్నాళ్లు బాలికల హాస్టల్ చూసుకున్నాను, రాత్రయితే ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించేదాన్ని. ఫోను చదువు పాడుచేస్తుందన్న మాట పూర్తిగా అబద్ధమని ఇప్పటికీ అనను, నా కూతుర్ని చూశాను కదా. కాని 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఇచ్చిన ఫహీమా షిరిన్ తీర్పు చదివాక ఆ బుట్ట నన్ను వెంటాడింది. కోజికోడ్ దగ్గర ఒక కాలేజీలో సాయంత్రం ఆరు నుంచి పది దాకా అమ్మాయిలు ఫోన్లు అప్పగించాలన్నారు. ఒప్పుకోని విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపేశారు. ఆమె కోర్టుకు వెళ్లింది. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ వ్యక్తిగత గోప్యతలోనూ భాగమని, రాజ్యాంగం 21వ అధికరణం కింద అది వస్తుందని కోర్టు చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమంది. వార్డెన్‌లుగా ఉన్న అధ్యాపకుల శిక్షణలో ఈ తీర్పు ఒక గంట చదివిస్తే చాలు.

చేసిన తప్పు గురించే కాక, పనికొచ్చిన సంగతి ఒకటి చెప్పనివ్వండి. 2022లో పాఠ్యపుస్తకంలోని ఉపాధి పథకాల అధ్యాయాన్ని నేను బోర్డు మీద చెప్పలేదు. మీ అమ్మ జాబ్ కార్డు నంబరు రాసుకుని రమ్మన్నాను. కంప్యూటర్ ల్యాబులో ఉపాధి హామీ వెబ్‌సైట్ తెరిచి ఎవరి ఊరి మస్టరు వాళ్లను వెతకమన్నాను. ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి, "మేడమ్, మా అమ్మ పోయిన ఆరు రోజులు ఇండ్ల లేవు" అని లేచి నిలబడింది. ఇంకొకామె, పనికి ఎన్నడూ రాని పెద్దమనిషి పేరు చూపించింది. ఆ రోజు గంట కొట్టినా ఎవరూ లేవలేదు. తర్వాతి వారం ఇంటింటా ఒక ప్రశ్న అడిగి రమ్మన్నాను: ఫోను ఎవరిది, రీచార్జి ఎవరు చేయిస్తారు, లాక్ ఎవరికి తెలుసు? అబ్బాయిలే తలలు వంచుకున్నారు. "మా చెల్లె ఫోన్ లాక్ నాకు తెలుసు మేడమ్, నాది ఆమెకు తెల్వదు" అని ఒకడు తనంతట తనే చెప్పాడు. సాంకేతిక పరిజ్ఞానంతో విద్యార్థుల ఆసక్తి పెంచడం అంటే నాకు తెలిసింది ఇదే. దీనికి స్మార్ట్ బోర్డు అవసరం లేకపోయింది.

ఈ మధ్య శిక్షణలన్నీ చాట్‌జీపీటీ చుట్టూ తిరుగుతున్నాయి, పిల్లలు కాపీ కొడితే ఎట్లా పట్టుకోవాలని. పట్టుకోండి, కాదనను. తెలుగు మీడియం అమ్మాయి ఎవరూ నవ్వకుండా తెలుగులోనే తన సందేహం అడగగలిగే చోటు అది అవుతుందా అని కూడా ఒకసారి చూడండి. యంత్రం తప్పు చెప్పినప్పుడు పట్టుకోవడం నేర్పవలసింది మనమే.

ఇంకో మాట. మా కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లలో సగం మంది గెస్టు అధ్యాపకులు, అందులో ఆడవాళ్లే ఎక్కువ. గంటల లెక్కన జీతం. శిక్షణకు వెళితే ఆ గంటలు పోతాయి కనుక వాళ్లు వెళ్లరు, వాళ్లను పంపరు కూడా. పిల్లలతో రోజంతా గడిపేది వాళ్లు, సర్టిఫికెట్లు మావి. వాళ్లకు శిక్షణ రోజులకు జీతం ఇవ్వాలని, శిక్షణ జరిగే చోట పిల్లలను చూసుకునే గది ఉండాలని మా సంఘంలో తీర్మానం పెట్టాను. రెండోదానికి కొందరు నవ్వారు. మళ్లీ పెడతాను.

వచ్చే నెల రెండో శనివారం మా కాలేజీలో మేమే ఒక రోజు శిక్షణ పెట్టుకుంటున్నాం. గెస్టు అధ్యాపకులు కూడా వస్తారు, ఆ రోజు వాళ్ల గంటల డబ్బు మేం పర్మనెంటు వాళ్లం చందా వేసుకున్నాం. పొద్దున గ్రూపులు, కెమెరాలు, నంబర్ల సంగతి నేను చెబుతాను, ఆ ఇంటి గడప సంగతితో సహా. మధ్యాహ్నం రెండు గంటలు ఖాళీ ఉంచాం. ఫిర్యాదు ఎట్లా రాయించాలి, పోలీస్ స్టేషన్‌లో ఏమంటారు, అమ్మాయి పేరు బయటికి రాకుండా ఎట్లా కాపాడాలి, ముఖ్యంగా తండ్రితో ఎట్లా మాట్లాడాలి – ఇవి మాకు తెలియవు, మీకు తెలుసు. మీలో ఇద్దరు రావాలి. బస్సు చార్జీ ఇచ్చుకుంటాం, భోజనం మా ఇంట్లో.