ఫిజిక్స్ బి.ఎస్సీ. – ఖర్చు, అప్పు, సంపాదన
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బడిలో రోజంతా ఉర్దూలో సైన్సు, లెక్కలు చెప్పుకునేవాణ్ణి. తెలుగులో ప్రసంగం నాకు అంతగా అలవాటు లేదు. తప్పులుంటే పెద్దమనసుతో మన్నించగలరు.

ఏటా ఇంటర్ ఫలితాలు వచ్చాక మా ఇంటికి తల్లిదండ్రులు వస్తారు. అడిగే ప్రశ్న ఒకటే. “మాస్టర్ సాబ్, మా వాడు ఫిజిక్స్ బి.ఎస్సీ. చేస్తానంటున్నాడు. దాంతో రోటీ దొరుకుతుందా?” అదే తండ్రి ఇంజనీరింగు అంటే అప్పు చేయడానికి వెనుకాడడు. ఈ రెంటినీ ఒకే తక్కెడలో తూచి చూద్దామని నా కోరిక.

ముందు నా సంగతి చెప్తాను. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయిగారు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించినప్పటినుంచి మా గల్లీ కుర్రాళ్ళ నోట కంప్యూటర్ తప్ప ఇంకో మాట లేదు. నేను 2001లో ఫిజిక్స్‌తో బి.ఎస్సీ. పాసయ్యాను. సర్కారీ కాలేజీ, బస్సు పాసు. ఆ మూడేళ్ళ చదువు మా అబ్బాకు భారం కాలేదు. అప్పు చేసింది తర్వాత. అమీర్‌పేటలో ఒక కోచింగు సెంటరుకు 40,000 రూపాయలు కట్టాం. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకు 1,200. ఆ సంవత్సరమే అమెరికాలో సాఫ్ట్‌వేర్ వ్యాపారం దెబ్బతిని, ఇక్కడ కొత్తవాళ్ళను తీసుకోవడం తగ్గిపోయింది. నాకు ఒక ప్రైవేటు బడిలో నెలకు రెండువేల జీతం దొరికింది. అందులో 1,200 వడ్డీకే పోయేది. అసలు తీరేసరికి ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళూ మా చెల్లెలి నిఖా వెనక్కి జరుగుతూ వచ్చింది. ఆమె ఈనాటికీ నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు బాధ.

కనుక సోదరులారా, నన్ను ముంచింది ఫిజిక్స్ అని నేను అనలేను. లెక్క వేయకుండా, పక్కింటివాణ్ణి చూసి చేసిన అప్పు ముంచింది.

ఇక లెక్కకు వద్దాం. బ్యాంకులు నాలుగు లక్షల వరకు చదువు అప్పు తాకట్టు లేకుండా ఇస్తాయి. చదువుతున్నంత కాలం, ఆ తర్వాత ఒక సంవత్సరం వరకు కంతు కట్టనక్కర లేదంటారు. మనవాళ్ళు అది ఉచితమనుకుంటారు. కాని వడ్డీ మొదటి రోజు నుంచే నడుస్తుంది. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్ళు తీసుకున్నారనుకోండి. వడ్డీ నూటికి పది అనుకుందాం. కంతులు మొదలయ్యే నాటికి వడ్డీయే 1,40,000 అవుతుంది. బాకీ 5,40,000. దాన్ని ఏడేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 8,960 రూపాయలు కట్టాలి. మొత్తం ఏడున్నర లక్షలు. తీసుకున్నది నాలుగు, ఇచ్చేది ఏడున్నర. వడ్డీ గురించి ధర్మం ఏమి చెప్తుందో ఆలిములు చెప్తారు. నేను లెక్కల మాస్టరుని, లెక్క మాత్రం చెప్తున్నాను.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నది గదా అంటారు. ఉన్నది. కాని ఆ సొమ్ము బకాయి పడ్డప్పుడు కొన్ని కాలేజీలు పిల్లల సర్టిఫికెట్లు ఆపడం మనం చూస్తూనే ఉన్నాం. దాన్ని నమ్ముకున్నా, కొంత చేతిలో ఉంచుకోవాలి.

మంచి కాలేజీలో, మంచి ర్యాంకుతో ఇంజనీరింగు దొరికితే వెళ్ళండి. నేను వద్దనను. అప్పు తీర్చే జీతం రావచ్చు. కాని పేరు తెలియని కాలేజీలో, అప్పు మీద, పిల్లవాడికి ఇష్టం లేని బ్రాంచిలో వేయడం కంటె, సర్కారీ డిగ్రీ కాలేజీలో ఇష్టపడి చదివే ఫిజిక్స్ మేలు. కనీసం నెత్తిన బాకీ లేకుండా బయటికి వస్తాడు.

బి.ఎస్సీ. వైపు లోపం కూడా దాచకూడదు. ఒట్టి ఫిజిక్స్ డిగ్రీ పట్టుకొని హైటెక్ సిటీలో గేటు దగ్గర నిలబడితే మొదటి జీతం చిన్నదే. ఆ డిగ్రీ సగం దారి. మిగతా సగం ఏమిటో మొదటి ఏడాదిలోనే తేల్చుకోవాలి. నాకు తెలిసిన దారులు నాలుగు.

ఒకటి, మాథ్స్, ఫిజిక్స్‌లతో పాటు కంప్యూటర్స్ ఉన్న గ్రూపు తీసుకోవడం. విప్రోవారు బి.ఎస్సీ., బి.సి.ఎ. వాళ్ళను తీసుకొని జీతమిస్తూ ఎం.టెక్. చదివిస్తున్నారు. అయిదేళ్ళు అక్కడే పనిచేస్తామని ఒప్పందం రాయాలి. అది చదివి సంతకం పెట్టాలి.

రెండు, ఎం.ఎస్సీ. ఐ.ఐ.టి.లకు జామ్ పరీక్ష ఉన్నది. గచ్చిబౌలిలో 1974లో పెట్టిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉన్నది. ఆ తర్వాత సి.ఎస్.ఐ.ఆర్. నెట్‌లో ఫెలోషిప్పు గెలిచి పరిశోధనలో చేరితే, 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. అప్పు లేకుండా పిహెచ్.డి. దాకా పోయే దారి ఇది. కష్టమైన పరీక్షే, కాని ఫీజు చూసి రానివ్వని పరీక్ష కాదు.

మూడు, రెండేళ్ళ బి.ఎడ్. చేసి, టెట్, డి.ఎస్సీ. రాయడం. నాలుగు, డిగ్రీ అర్హతతో జరిగే గ్రూప్స్, బ్యాంకు, రైల్వే పరీక్షలు.

ఉర్దూ మీడియం పిల్లలకు ఫిజిక్స్ ఎక్కడ అబ్బుతుందని కొందరంటారు. 1918లో మొదలైన ఉస్మానియాలో సైన్సు ఉర్దూలోనే చెప్పారు. అక్కడ చదివిన రజీయుద్దీన్ సిద్దిఖీగారు జర్మనీ వెళ్ళి లైప్‌జిగ్‌లో హైజెన్‌బర్గ్ దగ్గర పరిశోధన చేశారు. ఈనాడు ఆ అద్దాల మేడల సరసనే, గచ్చిబౌలిలో, 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నది. భాష అడ్డం కాదు. ఇంగ్లీషు మాత్రం పక్కన నేర్చుకోవాలి. దానికి డబ్బు కంటె ఓర్పు ఎక్కువ కావాలి.

చివరగా సంఘానికి ఒక మనవి. మన కర్జె హసనా నిధి చిన్నది. మనం దాన్ని ఎక్కువగా మొదటి ఏడాది ఫీజులకు ఇస్తున్నాం. ఫోటో దిగుతాం, దండ వేస్తాం. పిల్లవాడు నిజంగా ఇబ్బంది పడేది డిగ్రీ అయ్యాక. బి.ఎడ్. ఫీజు, ఎం.ఎస్సీ. హాస్టలు, ప్రవేశపరీక్ష రుసుము. అప్పుడే వడ్డీవాడి గుమ్మం తొక్కుతాడు, నేను తొక్కినట్లు. నిధిలో సగమైనా ఆ రెండో మెట్టుకు కేటాయించాలని ప్రార్థిస్తున్నాను.

మా బడిలో చదివిన ఒకమ్మాయి ఇప్పుడు ఫిజిక్స్ మూడో సంవత్సరంలో ఉన్నది. తండ్రి ఆటో నడుపుతాడు. ఎం.ఎస్సీ. చేస్తానంటున్నది. పోయిన వారం ఆయన నాతో, “మాస్టర్ సాబ్, పెళ్ళికని దాచిన డబ్బు ఉన్నది. తీయనా, వద్దా?” అన్నాడు. నేను జవాబు చెప్పలేక, సభ అయ్యాక చెప్తానన్నాను. ఆ డబ్బు తీయనక్కర లేదని ఆయనతో చెప్పే అవకాశం మీరంతా కలసి నాకు ఇస్తారని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను.

ఖుదా హాఫిజ్.