కడంబూరు పూటకూళ్ళు

(మన సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము మెట్రిక్యులేషను చదివి రైల్వేలో గుమాస్తా పని చేసుకుంటున్నవారము. ఉపన్యాసములు మా వృత్తి కాదు. కార్యదర్శిగారు విడవకుండా అడిగినందున, మాకు తెలిసిన ఒక్క విషయమును గురించి, అనగా భోజనమును గురించి, నాలుగు మాటలు మనవి చేస్తాము. సభ ముగియగానే విందు ఉన్నది గనుక మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టము.

కడంబూరు అనగానే ఈ మార్గములో తిరిగినవారికి బోళీ జ్ఞాపకము వస్తుంది. కోవిల్‌పట్టి, కుమారపురము దాటిన తరువాత, మణియాచ్చికి ముందు వచ్చే చిన్న స్టేషను మాది. రైలు ప్రయాణికుల వల్లనే ఈ ఊరి బోళీకి నలుదిక్కులా పేరు వచ్చింది. మేము నంద్యాల తరఫువారము. ఉద్యోగరీత్యా కుటుంబముతో ఇక్కడ దిగిన రోజున మా అమ్మ ప్లాట్‌ఫారము మీదనే పొట్లము విప్పి చూసి, "ఇది మన ఓళిగే గదరా! పేరు కాస్త తిరిగింది, అంతే" అన్నది. పరదేశము వచ్చామన్న దిగులు ఆ పూటకు తగ్గింది.

కాని ఓళిగ పండుగ వంట. రోజూ నోటికి వెళ్ళేది వేరు. మూడు నెలలు తిరిగేసరికి మా అమ్మకు అన్నము సయించడము మానేసింది. మా పిల్లవానికి మాత్రము ఏ లోటూ లేదు. విరుదునగరములో నూనెలో వేయించే పరోటా ఒకసారి తిన్నాడు. ఆ రోజునుండి పరోటా తప్ప మరొకటి అడగడు. పరోటాను మేము తప్పు పట్టడము లేదు, మేమూ తింటాము. అయితే ఈ నేలలో గోధుమ పండదు. అది ఉత్తరదేశములో పండి, మా గూడ్సు బండ్లెక్కి, మైదాగా మారి ఇక్కడికి చేరుతుంది. పక్క పొలములో ఏమి పండుతున్నదో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా అమ్మ చివరకు, "నన్ను బండెక్కించు నాయనా, మన ఊళ్ళో పడి ఉంటాను" అన్నది. మేము పాసు కూడా వ్రాయించాము.

అది కార్తీకమాసము. డ్యూటీ దిగి, ఒక సహోద్యోగి వెంట పక్క పల్లెకు పోయాము. ఊరి మొదట వేపచెట్టు కింద తాటాకుల పాక. ఒక ముసలి అవ్వ వచ్చినవారికి డబ్బు తీసుకుని పూటకు ఇంత కూడు పెడుతుంది. మన పెద్దలు పూటకూళ్ళ ఇల్లు అన్నది ఇటువంటిదే. ఏమేమి ఉన్నవని తమిళములో అడిగాము. మా యాస విని ఆమె తెలుగులోకి తిరిగింది.

"ఏమేమి అని అడగొద్దు సామీ. ఈ పూటకు ఏముందో అదే" అన్నది.

ఆ పూటకు ఉన్నది సజ్జ అంబలి, మజ్జిగలో ఊరబెట్టి ఎండబెట్టి వేయించిన మిరపకాయలు, చిన్న ఉల్లిపాయలు, మరొక వేపుడు. ఆ వేపుడు నోట పెట్టగానే చేయి ఆగిపోయింది. చిరుచేదు, పైన వేరుశనగ పొడి. ఇదేమి కాయ అవ్వా అని అడిగాము.

"అతలక్కాయ సామీ. వానకు దానంతట అదే మొలుస్తాది. ఎవురూ ఇత్తనం వెయ్యరు" అని, వండని కాయలు చేటలో తెచ్చి చూపింది.

సోదరులారా, అది మన కాసరకాయ! వేలి కణుపంత కాయ, ఒంటినిండా గాళ్ళు. గడ్డ భూమిలోనే దాగి ఉండి, వాన పడగానే నల్లరేగడి గట్ల మీద తీగ సాగుతుంది. మన రాయలసీమలో శ్రావణ భాద్రపదములలో కాస్తుంది. ఇక్కడ ఈశాన్య ఋతుపవనముల వానలు ఆశ్వయుజ కార్తీకములలో గాని పడవు. మాకు అది రెండు మూడు నెలలు లేటుగా వచ్చిన మన ఊరి బండిలాగా కనిపించింది.

ఒక శేరు కాయలు గుడ్డలో కట్టించుకుని ఇంటికి తెచ్చాము. "ఈ రాత్రికే వండండి, రేపటికి పగిలిపోతాది" అని అవ్వ హెచ్చరించింది. మా అమ్మ మూట విప్పి, మాట్లాడకుండా కాయల తొడిమలు తీయడానికి కూర్చున్నది. ఆ రాత్రి రెండుసార్లు అన్నము పెట్టించుకున్నది. ఆ పాసు మేము వాడలేదు.

అప్పటినుండి సెలవు దొరికినప్పుడల్లా ఇంటిల్లిపాదిమీ ఆ పాకకు పోతున్నాము. మార్గశిరములో కాసరకాయ అయిపోయింది. సంక్రాంతి దాటగానే కొత్త సజ్జలు, తరువాత కొత్త మినుములు, పెసలు వచ్చాయి. చేనులో దొరికే చిట్టి దోసకాయల వరుగు వచ్చింది. దీనిని ఇక్కడివారు మిదుక్కు వత్తల్ అంటారు. ఇప్పుడు తాటి నీరు, ఇక ముందు ముంజలు వస్తాయి. ఏ నెలలో ఏ కూర ఉండదో కూడా ఆ అవ్వ వంటవల్లనే మాకు తెలిసింది. కోవిల్‌పట్టి వేరుశనగ అచ్చుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిలవ ఉండే సరుకు గనుక అది బండెక్కి ఎంత దూరమైనా పోగలదు. కాసరకాయ మాత్రము రెండవ రోజు చూడదు. దానిని తినాలంటే దాని నేల దగ్గరికి మనమే పోవాలి.

మన సభ్యులలో ఒకరి కుమారుడు ఇంగ్లండులో ఉన్నాడు. సెలవుకు వచ్చినప్పుడు ఒక సంగతి చెప్పాడు. అక్కడ పబ్బు అనే పానశాలలలో ఒకప్పుడు తాగుడే ముఖ్యము, తిండి నామమాత్రము. 1991లో లండనులోని క్లార్కెన్‌వెల్ పేటలో 'ఈగిల్' అనే పాత పబ్బును ఇద్దరు మిత్రులు తీసుకుని మంచి వంట మొదలుపెట్టారు. అటువంటివాటికి గాస్ట్రోపబ్బులని పేరు వచ్చి, పల్లెటూళ్ళకు కూడా పాకాయి. మంచి పల్లెటూరి పబ్బులో ఆనాటి వంటలు నల్లపలక మీద సుద్దతో వ్రాస్తారట. కూర ఏ తోటదో, మాంసము ఏ పొలముదో కూడా వ్రాస్తారట. ఆస్పరాగస్ అనే మొలక కూర ఏప్రిల్ చివరినుండి జూను నడుమదాకా ఉంటుంది, ఆ పైన పలక మీదనుండి తుడిచివేస్తారు. దానికోసము జనము కార్లు వేసుకుని వస్తారు, ఎక్కువ ధర ఇస్తారు. ఇది విని మేము మా అవ్వను తలచుకున్నాము. ఆమెకు పలక లేదు, నోటితో చెబుతుంది. భేదము అంతే.

అయితే వారి పాకశాలకు జనము వస్తున్నారు, మన పాకకు తగ్గుతున్నారు. సజ్జ, జొన్న, ఊద, వరిగ పండిన చేలలో చాలాచోట్ల ఇప్పుడు కోళ్ళ దాణాకు మక్కజొన్న వేస్తున్నారు. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించింది గాని, ఒక్క ప్రకటనతో పొయ్యి వెలగదు గదా. అవ్వ కొడుకు పాక తీసి పరోటా పెనము పెడతానంటున్నాడు. అతనిది తప్పు కాదు, పిల్లలను చదివించుకోవాలి. "మీరు నలుగురు వస్తే నేనుంటా సామీ. రాకుంటే పెనమే" అని అవ్వ మాతో అన్నది.

ఆ అవ్వవంటివారి పూర్వులు విజయనగర, మధుర నాయకరాజుల కాలములలో ఈ రేగడి వెతుక్కుంటూ వచ్చారు. మనము నిన్న వచ్చాము. ఇడైసెవల్ గ్రామములో తెలుగు ఇంట పుట్టి, తమిళములో వ్రాసి, 2021లో కీర్తిశేషులైన కీ. రాజనారాయణన్‌గారు ఈ కరిసల్ సీమ మాటలకు ఒక నిఘంటువు కూర్చి పోయారు. మాటలకు నిఘంటువు ఉన్నది. రుచులకు పొయ్యి ఒక్కటే ఉన్నది. మన సంచికను ఆ అవ్వ చదవలేదు, ఆమెకు తెలుగు అక్షరములు రావు. ఆమె వంటను మనము తినగలము. ఇరువురికీ చుట్టరికము అక్కడ మిగిలి ఉన్నది.

కనుక సంఘమువారికి మా మనవి రెండు మాటలు. నెలకొక ఆదివారము మనలో నాలుగు కుటుంబములైనా అటువంటి పాకలో భోజనము చేయాలి. వచ్చే ఉగాది విందులో సగము వంటలైనా ఈ నేల పంటతో ఉండాలి. ఏ వంట ఏ ఊరి చేనుదో ఒక పలక మీద వ్రాసిపెట్టాలి. పలక వ్రాసే పని గుమాస్తా గనుక మేము తీసుకుంటాము.

ఉగాది పచ్చడి మనకు నేర్పినది ఇదే గదా. వేపపూత, మామిడి పిందె, కొత్త చింతపండు, ఇవన్నీ ఈ నెలలో ఇంటి చుట్టూ దొరికేవే. ఈరోజు పచ్చడిలో వేపపూత మా క్వార్టర్సు వెనక చెట్టుది. మా అమ్మ తెల్లవారుజామున ఏరింది. మా పిల్లవాడు బుట్ట పట్టుకున్నాడు. బెల్లము ఈ సీమ తాటిబెల్లము. కాస్త నల్లగా ఉన్నదని వదలకుండా అందరూ రుచి చూడవలసినదిగా కోరుతూ, మీకు నూతన సంవత్సర శుభాకాంక్షలు చెప్పుకుని సెలవు తీసుకుంటున్నాము.