తడి గోడ పట్టుకున్న రంగు

క్రీ.శ. 79లో ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పాంపే పట్టణాన్ని బూడిదలో పూడ్చేసింది. 1748లో తవ్వకాలు మొదలయ్యాక ఒక్కో ఇల్లే బయటపడింది. చిత్రమేమిటంటే, చాలా ఇళ్ళ గోడల మీద బొమ్మలు రంగులతో సహా నిలిచి ఉన్నాయి. ఆ రంగుల్ని పట్టి ఉంచింది చాలావరకు జిగురు కాదు, సున్నం.

సున్నపురాయిని బట్టీలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోతుంది. మిగిలిన సున్నంలో నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి మెత్తని ముద్దవుతుంది. ఇసుక కలిపి గోడకు పూస్తే, పోగొట్టుకున్న వాయువును గాలిలోంచి తిరిగి తీసుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. ఆ పూత పచ్చిగా ఉండగానే, నీళ్ళలో కలిపిన రంగు వేసేవారు. ఆరేటప్పుడు సున్నపు తేట పైకి ఊరి, రంగు రేణువుల్ని తనలో బిగించుకుని గట్టిపడుతుంది. అంటే రంగు గోడలో భాగమైపోతుంది.

పూత ఆరేలోగా పని తెమలాలి కాబట్టి గోడను భాగాలుగా, పైనుంచి కిందికి వేసుకుంటూ వచ్చేవారు. ఆ అతుకులు జాగ్రత్తగా చూస్తే ఇప్పటికీ కనిపిస్తాయి. ఇసుక పూతలు మూడు, వాటిపై పాలరాతి పొడి పూతలు మూడు ఉండాలని విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి రాశాడు. పాంపేలో చాలామంది అంత ఓపిక పట్టలేదు లెండి, తక్కువ పూతలతోనే సరిపెట్టారు.

అయితే సున్నం ఘాటుకు అన్ని రంగులూ ఆగవు. ఎర్రమట్టి, పసుపుమట్టి, పచ్చమట్టి, మసి ఆగుతాయి. ఇసుక, సున్నం, రాగి కలిపి కాల్చి చేసే ఈజిప్టు నీలం కూడా ఆగుతుంది. ఖరీదైన ఇంగిలీకం సంగతి వేరు. అది పాదరసం, గంధకం కలిసిన ఖనిజం. ఎండ తగిలితే నల్లబడుతుంది. ఫాబెరియస్ అనే లేఖకుడు దర్జా కోసం తన ఇంటి నడవా గోడలన్నిటికీ అదే వేయిస్తే, 30 రోజుల్లో మచ్చలు పడి అసహ్యంగా తయారైందనీ, వేరే రంగులు వేయించుకోవాల్సి వచ్చిందనీ విట్రూవియసే చెప్పాడు. డబ్బు పోసినంత మాత్రాన రసాయనం మాట వినదు. ఇంగిలీకం నల్లబడకుండా విట్రూవియస్ చెప్పిన మందు, నూనె కలిపిన వేడి మైనం పూత.

ఇంకొక మాట. పసుపుమట్టిని బాగా వేడి చేస్తే అందులోని నీరు పోయి ఎర్రబడుతుంది. అగ్నిపర్వతం వేడికి పాంపేలో కొన్ని గోడలకు జరిగింది అదే. అందుకని ఈసారి పాంపే ఎర్ర గోడల ఫొటో చూసినప్పుడు గుర్తుంచుకోండి, వాటిలో కొన్నిటికి చిత్రకారుడు వేసింది పసుపు రంగు.