ఈ రాళ్ల సంగతి ఏమిటి?

(శతాబ్ది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రయాణాలలో చారిత్రక స్థలాలను, మ్యూజియాలను దర్శించడం గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని కోరారు. మన సంఘాలలో యాత్రలకు కొదువ లేదు. వేసవి సెలవులు రాగానే యువజనులు ఒక బస్సు, స్త్రీల సమాజంవారు ఒక బస్సు మాట్లాడుకొని బయలుదేరుతున్నారు. సంతోషమే. కాని తిరిగివచ్చిన వారిని ఏమి చూశారని అడిగితే, ఎన్ని ఊళ్లు తిరిగిందీ, ఎక్కడ భోజనం బాగున్నదీ చెబుతారు. చూసినదేమిటో చెప్పడానికి మాత్రం తడుముకుంటారు. కాళ్లకు పడిన శ్రమ కళ్లకు పడలేదన్నమాట.

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు నది నడుమనుండి పన్నెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలువబెట్టిన సంగతి యెహోషువ గ్రంథంలో మనమందరం చదివినదే. రేపు పిల్లలు ఈ రాళ్లెందుకని అడుగుతారు, అప్పుడు వారికి తెలియజెప్పాలి అని అక్కడి ఆజ్ఞ. రాయి నిలబెట్టినంతమాత్రాన పని తీరలేదు. అడిగే బిడ్డ ఉండాలి, జవాబు చెప్పే పెద్ద ఉండాలి. వీరిద్దరూ లేనిచోట రాయి రాయిగానే మిగిలిపోతుంది. మన కృష్ణా తీరంలోనే మూడు చోట్ల ఈ మాట ఎంత నిజమో చూడవచ్చును.

మొదటిది అమరావతి. సుమారు రెండువేల ఏళ్లనాడు పలనాటి సున్నపురాతి పలకలతో అలంకరించిన మహాచైత్యం ఇక్కడ ఉండేది. కాలక్రమాన అది మట్టిదిబ్బ అయింది. ఊరివారు దానిని దీపాలదిన్నె అన్నారు. 1790ల చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అక్కడ పట్టణం కట్టిస్తున్నప్పుడు, కొత్త కట్టడాలకు ఇటుక, రాయి కావలసి ఆ దిబ్బను తవ్వారు. ఆ రోజులలోనే సర్వేయరు కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చి ఆ శిల్పాలను చూశాడు. ఆయన 1816లో మళ్లీ వచ్చేనాటికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉన్నది. మిగిలిన పలకలకు ఆయన తన చిత్రకారులచేత బొమ్మలు వ్రాయించాడు. తరువాత పోయిన పలకలు కొన్నింటికి ఈనాడు ఆ బొమ్మలే సాక్ష్యం. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన పలకలు అనేకం 1859లో లండనుకు ఓడ ఎక్కాయి. నేడు అమరావతి శిల్పం చూడాలంటే లండను బ్రిటిష్ మ్యూజియానికి, చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి కూడ పోవాలి. అమరావతిలో చైత్యపు అడుగుభాగం, పక్కనే ఒక మ్యూజియం ఉన్నవి.

ఒక్క విషయం గమనించండి. ఈ నష్టం శత్రువులు చేసినది కాదు. పట్టణం కట్టాలనే మంచి ఉద్దేశంతో ఉన్నవారివల్లనే జరిగింది. పాతదాని విలువ చెప్పే మనిషి ఆనాడు అక్కడ లేకపోయాడు, అంతే.

రెండవది నాగార్జునకొండ. క్రీస్తు శకం మూడవ, నాలుగవ శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉన్న లోయ అది. 1926లో ఆ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. పొలాలకు నీరు కావాలి. నీరు వస్తే లోయ మునుగుతుంది. రెండూ నిజమే. అందుచేత 1954 నుండి 1960 వరకు లోయనంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను ఊడదీసి, కొన్నింటిని కొండపైనా, కొన్నింటిని ఒడ్డున అనుపు వద్దా తిరిగి నిలబెట్టారు. ఇప్పుడు కొండ చుట్టూ నీరే. లాంచిమీద వెళ్లాలి. నది నీటినుండి తీసి గట్టుమీద నిలబెట్టిన రాళ్లు మన రాష్ట్రంలోనే ఉన్నవని ఆదివారపు బడి పిల్లలకు చెప్పి చూడండి, యొర్దాను పాఠం వారికి ఎంత బాగా బోధపడుతుందో!

అక్కడి శాసనాలలో స్త్రీల పేర్లు కనబడతాయి. రాజు తోబుట్టువు చాంతిసిరి మహాచైత్యానికి చేసిన దానాలు చెక్కి ఉన్నవి. బోధిసిరి అనే ఉపాసిక సింహళం మొదలైన దేశాలతో సంబంధమున్న భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి, తన వారినందరినీ తలచుకొంటూ ఆ సంగతి రాతిపై వ్రాయించింది. పదహారు వందల ఏళ్లు దాటినా ఆమె పేరు మిగిలింది. మరి మన గుడి గోడలకు ఇటుకలు మోసిన తల్లుల పేర్లు, పిడికెడు బియ్యం పక్కన పెట్టి కానుక తెచ్చిన అమ్మల పేర్లు ఎక్కడ వ్రాసి ఉన్నవి?

మూడవది బందరు. అక్కడి డచ్చివారి సమాధులపై పదిహేడవ శతాబ్దపు అక్షరాలు, వంశచిహ్నాలు లోతుగా చెక్కి ఉన్నవి. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన ఆ ప్రాంతంలో సుమారు 30 వేలమందిని బలిగొన్నది. దానినికూడ తట్టుకొన్న రాళ్లివి. 1841లో వచ్చిన రాబర్ట్ నోబుల్, 1843లో ఆయన ప్రారంభించిన పాఠశాల కూడ ఈ ఊరి చరిత్రలోనివే. బందరు వెళ్లినవారు సముద్రం చూసి తిరిగిరాక, ఒక గంట ఈ సమాధుల మధ్య నిలబడితే, వ్యాపారానికి సముద్రాలు దాటి వచ్చి ఇక్కడి మట్టిలో కలిసినవారి కథ తెలుస్తుంది.

ఇక ఎలా చూడాలి అన్న ప్రశ్న. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం ముందు జనం కిక్కిరిసి ఉంటారు. చూడదగినదే. ఆ భవనంలోనే ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ముసుకు వేసుకొన్న రిబ్కా ఉన్నది. పాలరాతినే పలుచని బట్టగా, ఆ బట్టచాటున ముఖం కనబడేటట్లు చెక్కాడు. ఇస్సాకును దూరాన చూసి రిబ్కా ముసుకు వేసుకొన్న సంగతి ఆదికాండంలో చదివిన మనం ఆ విగ్రహం ముందు పది నిమిషాలు నిలబడకపోతే ఎవరు నిలబడతారు? ఒక రోజులో నలభై గదులు తిరగడంకంటె నాలుగు వస్తువులను నిదానంగా చూడటం మేలు.

బయలుదేరేముందు ఆ స్థలం గురించి ఒకరు చదివి వచ్చి మిగిలినవారికి చెప్పాలి. అమరావతి, నాగార్జునకొండ, సాలార్‌జంగ్ మ్యూజియాలకు శుక్రవారం సెలవు. ఆ సంగతి చూసుకొని బస్సు మాట్లాడుకోవాలి. వస్తువు పక్కన వ్రాసి ఉంచిన వివరాన్ని చదువు వచ్చిన పిల్లలచేత పైకి చదివించి, చదువు రాని పెద్దలకు వినిపించాలి. శిల్పాలను చేతితో తాకరాదు. గోడలపై పేర్లు గీకరాదు. వందల ఏళ్లు నిలిచినదానిపై మన పేరు గీకితే అది గుర్తు కాదు, గాయం. ఇంటికి వచ్చిన తరువాత ఒక ఆదివారం సాయంత్రం అందరు కూర్చుండి చూసినవి చెప్పుకోవాలి.

ఇంతకూ మ్యూజియాలు మనకు నేర్పేదేమిటి? ఈ నూరేళ్లలో మన సంఘాలు ఎన్నో పాత గుళ్లు విప్పి కొత్తవి కట్టుకొన్నవి. కట్టుకోవలసినదే. అయితే పాత గుడి పునాదిరాయి ఎక్కడున్నదో చెప్పగలవారు ఎందరు? మొదటి బాప్తిస్మపు రిజిస్టరు పెట్టెలో ఉన్నదా, చెదలకు పోయిందా? సమాధులతోటలో అక్షరాలు చెరిగిపోతున్న రాళ్లపై ఎవరి పేర్లు ఉన్నవి? అమరావతి దిబ్బను తవ్వినవారిని తప్పుపట్టడం సులభం. మన ఆవరణలోనే అదే జరుగుతుంటే చూడటం కష్టం.

కనుక మా మనవి ఒక్కటే. ఈ శతాబ్ది సంవత్సరంలో ప్రతి సంఘం ఒక గట్టి పెట్టె చేయించి పాత రిజిస్టర్లు, ఉత్తరాలు, ఫొటోలు అందులో భద్రపరచాలి. సమాధిరాళ్లపై ఉన్న పేర్లను యువజనులు ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించాలి. ఎనభై ఏళ్లు దాటిన పెద్దల వద్ద కూర్చుండి వారికి తెలిసినది వ్రాసి ఉంచాలి. మెకంజీ చేయించినదీ ఇంతే: ఉన్నదానిని ఉన్నట్టు కాగితం మీద పెట్టించాడు. ఈ పనికి పెద్ద ఖర్చు లేదు, ఆలస్యం మాత్రం పనికిరాదు. పెద్దలు దాటిపోతున్నారు.