బరువెత్తుటలోని శాస్త్రము

గోదావరిఖని బొగ్గుగనులలో యంత్రములు రాకపూర్వము కార్మికులు చెమ్మసుతో తట్ట నింపి, ఎత్తి, టబ్బులలో పోసెడివారు. తట్టను ఒంటికి దూరముగా పట్టినచో నడుము పట్టునని వారికి ఏ గ్రంథమును చెప్పలేదు, నొప్పియే నేర్పినది.

దానికి కారణము శాస్త్రమున గలదు. మన దేహమున ఎముకలు మీటలు, కీళ్లు ఆనికలు. వానిని కదల్చు బలము కండరములది. 20 కిలోల బరువును నడుమునకు 50 సెంటీమీటర్ల ఎడమున గాక 25 సెంటీమీటర్ల ఎడమున పట్టితిమా, అది నడుమును ముందునకు వంచు శక్తి సగమగును. బరువు మారలేదు, దూరము మారినది.

2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో శ్రీకాకుళపు ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోలెత్తి కాంస్య పతకము గెలిచినది. ఆ క్రీడకు బలమొక్కటియే చాలదు. ఇనుపకడ్డీని ఒంటికి దగ్గరగా లేపుట అందు మొదటి పాఠము.

మన పాఠశాలలలో వ్యాయామోపాధ్యాయులు "మోకాళ్లు వంచుము, నడుము నిటారుగా నుంచుము" అని ఆజ్ఞాపింతురు. పిల్లలు అట్లే చేయుదురు. ఈల ఆగినంతనే మరచెదరు. ఏలయన, కారణము వారికి తెలియదు. ఒక ఇటుకను చేయి చాచి పట్టుమని, పిదప రొమ్మునకు ఆనించి పట్టుమని చెప్పి, ఏది తేలిక, ఎందుచేత అని వారినే అడుగవలెను. దీనికి ధనము గాని ప్రయోగశాల గాని అక్కరలేదు.

తాతకు నడుమునొప్పి నేర్పిన పాఠమును మనుమలకు ఆ నొప్పి లేకుండ నేర్పుటయే మనము వ్యాయామ విద్యనుండి కోరదగినది.