బరువు కింద మనుషులున్నప్పుడు

గాజువాకలో ఒక ఐటీఐ స్నాతకోత్సవ ప్రసంగం



ఐటీఐ పిల్లలకు దేశమంతటా స్నాతకోత్సవం జరపడం 2022 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి నాడు మొదలైంది. ఆలస్యమైనా మంచి పని. పెద్ద సభల్లో, సంగీత కచేరీల్లో, సినిమా వేడుకల్లో వేదిక నెత్తిన లైట్లు, స్పీకర్లు, ఎల్‌ఈడీ తెరలు వేలాడుతుంటాయి కదా, వాటిని పైకెక్కించి నిలిపే రిగ్గింగ్ పని నాది. ఆ పనిలోకి మీలో కొందరైనా రావాలని అడగడానికే వచ్చాను.

గాజువాక పిల్లలకు బరువులెత్తడం కొత్త సంగతి కాదు. ఒక పక్క 1948లో ‘జల ఉష’ నౌకను నీళ్లలోకి దించిన షిప్‌యార్డు, ఇంకో పక్క స్టీల్‌ప్లాంటు, ఆవల పోర్టు. ఏ వీధికి వెళ్లినా బరువులెత్తే ఖలాసీ ఇల్లు ఒకటి కనిపిస్తుంది. స్లింగు, షాకిల్, చైన్ బ్లాక్ అనే మాటలు పాఠ్యపుస్తకం కంటే ముందే మీ చెవిన పడ్డాయి. వినాయక చవితికి వంద అడుగులు దాటిన విగ్రహాన్ని నిలబెట్టిన ఊరు మనది. ఇంత అనుభవం ఉన్న ఊరి నుంచి ఈవెంట్ల రిగ్గింగుకు పదుల సంఖ్యలో మనుషులు వెళ్లాలి.

అయితే ఒక తేడా ఉంది. ప్లాంటులో గానీ యార్డులో గానీ మొదటి రోజు నేర్పేది ఒకటే: వేలాడుతున్న బరువు కిందికి ఎవరూ వెళ్లకూడదు. హుక్కు కదిలిందంటే విజిల్ వేస్తారు, దారి ఖాళీ చేయిస్తారు. ఈవెంట్ల పనిలో బరువు ఎత్తేటప్పుడు ఆ నియమమే పాటిస్తాం. ఎత్తాక మాత్రం సరిగ్గా ఆ బరువు కిందే పాడేవాళ్లు, ఆడేవాళ్లు గంటల తరబడి ఉంటారు. కొన్నిసార్లు ముందు వరుసల ప్రేక్షకులూ ఉంటారు. వాళ్లెవరూ తలెత్తి చూడరు. చూసినా ఏది సరిగా కట్టారో, ఏది కట్టలేదో వాళ్లకు తెలియదు. వాళ్ల తరఫున చూడాల్సింది మనమే. నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఈ తేడా నుంచి పుట్టిందే.

ఈ పని మనకు పరాయి దేశాల నుంచి వచ్చిందని అనుకోకండి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు గారు కీచకవధ నాటకంతో సురభి సంప్రదాయానికి నాంది పలికారు. సురభి నాటకంలో నారదుడు ఆకాశం నుంచి దిగుతాడు, బాణాలు గాలిలో ఢీకొంటాయి. తెర వెనక ఉన్నవి తాళ్లు, కప్పీలు, సన్నటి తీగలు, వాటిని పట్టుకున్న కుటుంబ సభ్యుల చేతులు. పైన వేలాడేది తన తమ్ముడో, తన కూతురో అని తాడు పట్టినవాడికి తెలుసు. ఆ జాగ్రత్తకు చట్టం అక్కర్లేకపోయింది. ఇప్పుడు కింద ఉండేది మనం ఎన్నడూ చూడని మనుషులు. అందుకని లెక్క కావాలి, తనిఖీ కావాలి, రాతపూర్వకంగా కావాలి.

లెక్క దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ప్రాణాలు ఇక్కడే పోతున్నాయి. ఒక టన్ను బరువును రెండు కాళ్ల స్లింగుతో ఎత్తుతున్నారనుకోండి. స్లింగు కాలు భూమికి సమాంతరమైన గీతతో 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో కాలు మీద పడేది సుమారు 577 కిలోలు. 45 డిగ్రీలకు దిగితే 707 కిలోలు. 30 డిగ్రీలైతే ఒక్కో కాలూ పూర్తిగా టన్ను మోస్తుంది. ఎత్తు సరిపోవడం లేదని కోణాన్ని 10 డిగ్రీలకు తెచ్చారా, ఒక్కో కాలు మీద దాదాపు 2,900 కిలోలు! బరువు పెరగలేదు, తాడు మారలేదు, కోణం మారిందంతే. పైగా ఆ కాళ్లను రెండు కప్పు దూలాలకు కట్టి ఉంటే, ఆ లాగుడు దూలాలను పక్కకు కూడా లాగుతుంది.

మరో లెక్క. పొడవాటి ట్రస్, దాని మీద సమానంగా పరచిన లైట్లు, అంతా కలిపి 1,600 కిలోలు. చివరలకు రెండు, సరిగ్గా నడుమ ఒకటి, మొత్తం మూడు చైన్ మోటార్లు. తలా 533 కిలోలని ఎవరైనా అంటారు. కాదు. ట్రస్ ఒకటే ముక్కగా, మట్టసంగా ఉంటే నడుమ మోటారు మీద 1,000 కిలోలు, చివరల మీద 300 చొప్పున పడతాయి. నడుమ మోటారు కాస్త పైకి లాగితే ఆ వెయ్యి ఇంకా పెరుగుతుంది. అది వదులైతే భారమంతా చివరలకు పోతుంది. 533 కిలోలకు సరిపోయే మోటారు పెట్టినవాడు తప్పు చేస్తున్నానని అనుకోడు, భాగహారం చేశాననే అనుకుంటాడు. అందుకే బరువును కొలిచి చూపే లోడ్ సెల్ పెట్టి చూడాలి.

ఇక కప్పు. మన కల్యాణ మండపాల్లో, ఫంక్షన్ హాళ్లలో రేకుల కప్పు తన బరువును, గాలిని తట్టుకోవడానికి కట్టింది. రేకులు మోసే సన్న పర్లిన్లకు స్పీకర్లు వేలాడదీయడం నేను చాలాచోట్ల చూశాను, చూసిన ప్రతిసారీ గుండె ఝల్లుమంది. వేలాడదీయాల్సింది పెద్ద ట్రస్‌లో కడ్డీలు కలిసే చోట, అదీ ఇంజినీరు ఇన్ని కిలోలని రాసిచ్చాక. పాలిస్టర్ బెల్టు వాడితే వేడెక్కే లైట్లకు దూరంగా ఉంచి, తోడుగా వైర్ రోపు వేయండి. ప్రతి లైటుకూ క్లాంపు కాక విడిగా సేఫ్టీ వైరు ఉండాలి.

మనుషులను ఎత్తడం వేరే విద్య. 2024 జనవరి 18న రామోజీ ఫిల్మ్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ రజతోత్సవంలో సంస్థ అధిపతి, మరో ఉన్నతాధికారి ఇనుప బోనులో నిలబడి పైనుంచి వేదిక మీదికి దిగుతుండగా బోను ఒక పక్క ఆధారం తెగిపోయింది. ఇద్దరూ కింద పడ్డారు, అధిపతి చనిపోయారు. సామాను ఎత్తేటప్పుడు తాడు బలం బరువుకు ఐదింతలు ఉంటే చాలనుకునే చోట, మనిషికి పదింతలు చూస్తారు. ఒకటి తెగినా పట్టుకునే రెండో ఆధారం విడిగా ఉండాలి. ఆ ఏర్పాటు లేని చోట మనిషిని ఎక్కించకండి, ఎక్కాలని ఆయనే ముచ్చటపడినా సరే.

బరువు ఎంతో నోటిమాటగా నమ్మకండి. 2022 జూలైలో హాంకాంగ్‌లో కచేరీ నడుస్తుండగా ఒక ఎల్‌ఈడీ తెర నృత్యకారుల మీద పడింది. పరికరాల బరువు అసలు కంటే తక్కువగా చూపించారని, వైర్ రోపులు నాసిరకమని ప్రభుత్వ విచారణలో తేలింది.

మన ఊరికి గాలి సంగతి వేరే చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఏం చేసిందో మీ ఇళ్లలో అందరికీ గుర్తే. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. విశాఖలో కట్టడాల రూపకల్పనకు మన ప్రమాణాలు పెట్టుకున్న గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. బీచ్ రోడ్డున రెండు రోజుల కోసం నిలబెట్టే వేదిక అంత గాలిని తట్టుకోదు. కాబట్టి ఎంత గాలికి తెరలు దించాలో, ఎంతకు జనాన్ని పంపించాలో ముందే రాసుకోవాలి. 2011 ఆగస్టు 13న అమెరికాలోని ఇండియానా స్టేట్ ఫెయిర్‌లో కచేరీ మొదలవబోతుండగా ఈదురుగాలికి వేదిక కప్పు కూలి ఏడుగురు చనిపోయారు. కప్పును పట్టి ఉంచే తాళ్లను కాంక్రీటు దిమ్మెలకు కట్టారు, ఆ దిమ్మెలే జారిపోయాయి. కార్యక్రమం ఆపే అధికారం ఎవరిదో అక్కడ స్పష్టంగా లేదని కూడా విచారణలో బయటపడింది.

ఆపే అధికారం గురించే అసలు చెప్పాలి. క్రేను దగ్గర సైగలు ఒక్కరే చేస్తారు, ‘ఆపు’ మాత్రం ఎవరన్నా ఆపాల్సిందే. ఆ హక్కు నిన్న చేరిన హెల్పరుకూ ఉంది. ఈవెంట్ల పనిలో దాన్ని వాడటం కష్టం. హీరో గారు దారిలో ఉంటారు, టీవీ ప్రసారానికి సమయం అయిపోతుంటుంది, నిర్వాహకుడు ఫోనులో అరుస్తుంటాడు. అప్పుడు ఇరవై ఏళ్ల అబ్బాయో అమ్మాయో ‘ఈ షాకిల్ పిన్ను సరిగా పడలేదు సార్, దించాలి’ అనగలగాలి. అలా అనడానికి తనిఖీ అలవాటు ఉండాలి. 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షను ఎత్తే సామాను మొత్తాన్ని కనీసం ఏడాదికోసారి అర్హుడైన వ్యక్తితో పరీక్ష చేయించమనేది. ఆ అలవాటును మైదానాలకు మోసుకెళ్లగలిగేది ప్లాంటుల పక్కన పెరిగిన మీలాంటివాళ్లే. 2020 ఆగస్టు 1న షిప్‌యార్డులో క్రేనును పరీక్షిస్తుండగా అది కూలి 11 మంది పోయారు. ఆ దుఃఖం తెలిసిన ఊరిలో పుట్టినవాళ్లు ‘ఏం కాదులే’ అనే మాటను నమ్మకూడదు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇది రాత్రిళ్లు చేసే పని, ఎత్తులో చేసే పని. పిల్లలు పనిలో చేరేటప్పుడు జీతం ఎంతని అడిగినట్టే, హార్నెస్ ఇస్తున్నారా, బీమా ఉందా, వరసగా ఎన్ని గంటలు చేయిస్తారు అని కూడా అడగండి. కాంట్రాక్టరు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

నాతో పాటు మూడు చైన్ మోటార్లు, మూడు లోడ్ సెల్లులు తెచ్చాను. ప్రిన్సిపాల్ గారి అనుమతితో వర్క్‌షాపు గ్యాంట్రీకి ఒక ట్రస్ ఇప్పటికే వేలాడుతోంది. కింద తాడు కట్టి దారి మూశాం. భోజనాలయ్యాక హెల్మెట్లు పెట్టుకుని రండి. నడుమ మోటారు ఎంత మోస్తుందో ముందు మీరు కాగితం మీద లెక్క వేయండి, తర్వాత మీటరు చూద్దాం. రెండూ కలవకపోతే ఎందుకు కలవలేదో మీలో ఎవరు ముందు చెబుతారో వినాలని ఉంది.